పాతది కుడివైపు

రుదైనా వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో ఆమె భర్త మునీఫ్ కళ్ళు మూసుకుని చెప్పగలడు. నేర్చుకోక తప్పలేదు. ఆ డబ్బాను జానెడు దూరం జరిపి పెడితే ఆ పూటంతా ఇంట్లో మాటలుండవు. పెళ్ళయిన కొత్తలో అతనోసారి కాఫీ కాచుకుని ఏలకుల సీసాను చక్కెర పక్కన పెట్టాడు. ఏళ్ళు గడిచినా ఆ సంగతి ఆడబిడ్డల ముందు ఏదో ఒక వంకన వస్తూనే ఉంటుంది.

ఇలాంటి మనిషికి తగిన ఉద్యోగమే దొరికింది. ఇర్బిద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి. దాని కింది అంతస్తులో స్కానింగ్ విభాగం. డాక్టర్లు బొమ్మలు చూసే గదికి కిటికీ ఉండదు, దీపం మసగ్గా ఉంటుంది, ఒక బల్లమీద రెండు పెద్ద తెరలుంటాయి. ఒక తెరమీద రోగుల పేర్లు, రెండో తెరమీద బొమ్మలు. ఏ విండో ఎంత వెడల్పున తెరుచుకోవాలి, ఏ బొమ్మ ఏ పక్కన నిలబడాలి, ఏది దాక్కోవాలి అన్నది ఒక్కో డాక్టరుకి ఒక్కో రకం. ఒకాయనకి నాలుగు గళ్ళు కావాలి. ఇంకొకాయనకి ఒకటే గడి, అదీ తెర నిండా. ఈ అమరికలు కట్టి, పేరు పెట్టి దాచి, ఎవరు కుర్చీలో కూర్చుంటే వాళ్ళ అమరికకి తెరను మార్చడం రుదైనా పని. స్కాన్లు తీసే పనీ ఆమెదే. కానీ అది చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అమరికల పని మాత్రం ఆమె ఒక్కతే చేసేది.

డాక్టర్లు అడిగేలోపే తెర సిద్ధంగా ఉండేది. టీ తెచ్చే అబూ జమీల్ అనేవాడు, "రుదైనా చేతికి చిక్కాలేగాని, రంజాన్ నెలవంకను కూడా కాస్త ఎడమకి జరిపి, ఇప్పుడు బాగుంది అంటుంది" అని. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. పొగడ్తనే తీసుకునేది.

ఆమెను ఆ ఉద్యోగంలో పెట్టింది డాక్టర్ జవ్‌దత్. డెబ్బై దాటినవాడు. డమాస్కస్‌లో వైద్యం చదివాడు, అదీ అరబ్బీలో. విభాగంలో మిగతావాళ్ళంతా ఇంగ్లీషులోనో జర్మన్‌లోనో చదివి వచ్చినవాళ్ళు. దానివల్ల ఆయనకి వచ్చిన ఒకే ఒక్క చిక్కు బొమ్మల వరసలో వచ్చింది. ఒక మనిషి పాత స్కాను, కొత్త స్కాను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు యంత్రం తనంతట తాను పాతదాన్ని ఎడమకి, కొత్తదాన్ని కుడికి పెడుతుంది. జవ్‌దత్‌కి అది అస్సలు పడేది కాదు.

"పుస్తకం ఎటునుంచి తెరుస్తావమ్మాయ్?" అని అడిగాడు రుదైనాను, ఆమె చేరిన కొత్తల్లో.

"కుడినుంచి, డాక్టర్‌గారూ."

"మరి రోగం ఎటునుంచి మొదలవ్వాలి?"

అలా ఆయన పేరుమీద ఒక అమరిక తయారైంది. అందులో పాతది కుడివైపు, కొత్తది ఎడమవైపు. మిగతా డాక్టర్లందరికీ కలిపి ఉన్న అమరికలో యంత్రం వరసే. ఒక మీట నొక్కితే ఇది, ఇంకోసారి నొక్కితే అది. జర్మనీలో చదివొచ్చిన డాక్టర్ సిరీన్ ఈ సంగతి తెలిసి, "ఆయనొక్కడి కోసం కాలాన్ని వెనక్కి నడిపిస్తున్నారన్నమాట" అంది. జవ్‌దత్ ఆ మాట విని, "దానికేం, నీ కాలం నాకంటే ముందు పరిగెత్తుతోందిగా, ఇద్దరికీ సరిపోతుంది" అన్నాడు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదని కాదు. అది వాళ్ళ పలకరింపు.

రెండు అమరికలూ కలగలిసిపోకుండా రుదైనా మొదట్లో జవ్‌దత్ అమరికకి పైన ఒక ఆకుపచ్చ పట్టీ పెట్టింది. తెరమీద పచ్చగీత కనిపిస్తే కుర్చీ ఆయనది. కొన్నేళ్ళు అలాగే నడిచింది. తర్వాత ఒకరోజు ఖాళీగా ఉండి చూస్తే ఆ పట్టీ ఆమె కంటికి ఎబ్బెట్టుగా కనిపించింది. ఒక అమరికలో ఉండి ఇంకోదానిలో లేకపోవడం ఏమిటి? తీసేసింది. గళ్ళ కొలతలు సరిచేసింది. ఇక రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. మీట నొక్కినా చూసేవాడికి ఏదీ కదిలినట్టుండదు. పాతదీ కొత్తదీ మాత్రం చోటు మార్చుకుంటాయి. అంత చక్కగా కుదిరినందుకు ఆ రోజు తనలో తాను మురిసిపోయింది కూడా.

బొమ్మల మూలన తేదీలు, పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. జవ్‌దత్‌కి అవి గిట్టవు. ఊపిరితిత్తుల చివర్లమీద ఈగలు వాలినట్టుంటాయనేవాడు. కుర్చీలో కూర్చోగానే ఆయన చెయ్యి అక్షరాలు దాచే మీటమీదికి పోయేది. కళ్ళజోడు సర్దుకోవడం లాంటి అలవాటు అది. ఎప్పుడు నొక్కేవాడో ఆయనకే తెలిసేది కాదు.

రంజాన్ నెల చివరివారం. మధ్యాహ్నం తిరిగేసరికి ఆసుపత్రిలో అందరికీ ఇళ్ళు గుర్తొస్తాయి. ఆ సాయంత్రం రుదైనా ఇంటికి ఉపవాసం విడవడానికి మునీఫ్ అన్నలు, వదినలు వస్తున్నారు. ఖతాయెఫ్ అట్లు తనే తెస్తానని మాటిచ్చింది. ఆ అట్లలో అక్రోటు పప్పు కూరి, మడిచి, వేయించి పాకంలో ముంచాలి. అవి బాగా చేసే దుకాణం ముందు ఆ వేళకి వరస వీధి మలుపు దాకా పోతుంది. ఆలస్యమైతే అడుగున మాడినవే మిగులుతాయి. అవి తీసుకెళితే పెద్దవదిన ఏమీ అనదు, ఊరికే తిరగేసి చూస్తుంది.

అప్పటిదాకా కుర్చీలో కూర్చున్న సిరీన్ నమాజుకి లేచి వెళ్ళింది. తెర అందరి అమరికలో ఉంది. జవ్‌దత్ ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాడనుకుని రుదైనా సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది.

నడవాలో ఉమ్ ఖల్దూన్ కూర్చుని ఉంది. ఆమెను తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. పాత బజారులో జాతర్ మర ఆమెది. ఎండిన వాము ఆకులాంటి ఆ ఆకును నువ్వులతో, పుల్లటి సుమాక్ పొడితో కలిపి ఆమె పట్టిచ్చే పొడి లేనిదే సగం ఇర్బిద్‌కి పొద్దున రొట్టె దిగదు. మూడు నెలల కిందట వేరే ఊళ్ళో దగ్గుకని తీయించుకున్న స్కానులో ఊపిరితిత్తిమీద ఒక మచ్చ కనిపించిందట. మందులిచ్చి, మళ్ళీ తీయించుకోమన్నారు. ఆ రెండో స్కాను ఈ రోజే ఇక్కడ తీశారు. పాత స్కాను డిస్కు మాత్రమే ఆమె దగ్గరుంది, దానిమీద రిపోర్టు లేదు. మచ్చ పెరిగితే ఒక మాట, తగ్గితే ఒక మాట. ఆ మాట కోసమే కూర్చుంది.

అవతలి చివరనుంచి జవ్‌దత్ వస్తున్నాడు. కారు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడట. పండగ పూట ఆమెను భయంతో ఉంచడం ఎందుకు, ఇది ఒక్కటీ చూసి పోతానన్నాడు.

రుదైనా ఆగింది. ఇక్కడ ఆమె ఆగిందన్నది ముఖ్యం. ఆయన ఏ అమరికలో కూర్చోబోతున్నాడో ఆమెకి తెలుసు. వెనక్కి వెళ్ళి తలుపు తోసి ఒక మీట నొక్కి రావాలి. అంతే. కానీ వెనక్కి వెళితే ఆయన ఇంకేదో అడుగుతాడు, ఆ డిస్కు ఎక్కించమంటాడు, వరస మలుపు దాటుతుంది. ఆయనే చూసుకుంటాడులే అనుకుంది. పచ్చపట్టీ లేదని ఆ క్షణంలో గుర్తు రాలేదో, వచ్చినా తోసేసిందో, తర్వాత ఎంత తవ్వుకున్నా ఆమెకే తేలలేదు. "త్వరగా పో అమ్మాయ్, అట్లు అయిపోతాయి" అని నవ్వుతూ ఆయనే పంపించాడు.

అట్లు మంచివే దొరికాయి. పెద్దవదిన తిరగేసి చూసి, ఏమీ అనకుండా నాలుగు తింది.

జవ్‌దత్ రిపోర్టు రాశాడు. మచ్చ పద్నాలుగు మిల్లీమీటర్ల నుంచి తొమ్మిదికి తగ్గింది, ఊపిరితిత్తికి పట్టిన చీము మందులకి కరుగుతోంది, భయం లేదు అని. కొలతల్లో ఆయన ఒక్క వెంట్రుకవాసి తప్పలేదు. ఛాతీ డాక్టరు ఆ కాగితం చూసి ఉమ్ ఖల్దూన్‌ను ఇంటికి పంపేశాడు.

పండగ వెళ్ళాక ఉమ్ ఖల్దూన్ ఒక పళ్ళెం నిండా మామూల్ బిస్కెట్లు చేసుకుని విభాగానికి వచ్చింది. లోపల ఖర్జూరం, పైన చెక్క అచ్చు గీతలు. అందరి చేతుల్లోనూ తనే పెట్టింది. రుదైనా దగ్గరికొచ్చి, "నువ్వూ ఆ రోజు ఉన్నావుగా నడవాలో. నా మొహం ఎలా ఉందో చూశావుగా. ఇప్పుడు చూడు" అంది. రుదైనా చూసింది. నిజంగానే పదేళ్ళు తగ్గినట్టుంది. రెండు బిస్కెట్లు తింది. చాలా బాగున్నాయని చెప్పింది.

ఇంకొన్ని వారాలకి ఆ యంత్రంలోకి కొత్త ప్రోగ్రాం వచ్చి పాత అమరికలన్నిటినీ ఊడ్చేసింది. రుదైనా మళ్ళీ మొదటినుంచి కట్టుకుంటూ వచ్చింది. జవ్‌దత్ అమరిక వంతు వచ్చినప్పుడు వరస సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి పాతదీ కొత్తదీ రెండూ ఉన్న రోగి కావాలి. జాబితాలో చేతికందిన పేరు ఉమ్ ఖల్దూన్‌ది. తెరిచింది. తేదీలు కనిపిస్తున్నాయి. కుడివైపు పాతది. మచ్చ చిన్నగా ఉంది. ఎడమవైపు కొత్తది. పెద్దగా ఉంది.

కొత్త ప్రోగ్రాం బొమ్మల్ని తారుమారు చేసిందనుకుంది ముందు. ఇంకో ముగ్గురి బొమ్మలు తెరిచి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ ఉమ్ ఖల్దూన్‌ది తెరిచింది. తర్వాత రిపోర్టు తెరిచి అది రాసిన రోజు చూసింది. చూడక్కర్లేకుండానే తెలుసు. పాకం వాసన ముక్కుకి తగిలినట్టయింది.

ఆమె ఆ పొద్దున చేసినదాన్ని మెచ్చుకోవాలో తిట్టాలో చెప్పడం కష్టం. ఆలస్యం మాత్రం చెయ్యలేదు. ఉమ్ ఖల్దూన్ పేరును ఆ రోజు జవ్‌దత్ చూడాల్సినవాటిలో అన్నిటికంటే పైన పెట్టింది. ఆయన అమరికకి పచ్చపట్టీ మళ్ళీ కట్టింది. తేదీల అక్షరాలు దాక్కోకుండా ఆ మీటను పనిచెయ్యకుండా చేసింది. ఆయన కుర్చీలో కూర్చోగానే టీ తెస్తానని బయటికి వెళ్ళిపోయింది. చెప్పాల్సింది తెరే చెబుతుందనీ, తన నోటితో పని ఉండదనీ ఆమె లెక్క.

తెర చెప్పింది. కానీ అంతా చెప్పలేదు.

ఆమె టీతో తిరిగొచ్చేసరికి జవ్‌దత్ ఫోనులో ఉన్నాడు. ఉమ్ ఖల్దూన్ కొడుకుతో తనే మాట్లాడాడు. రిపోర్టు తప్పు, తప్పు నాది, రేపే తీసుకురా అన్నాడు. ఛాతీ డాక్టరుకీ తనే చెప్పాడు. దిద్దిన రిపోర్టులో 'మొదటిసారి నేను తప్పుగా చదివాను' అని రాసి సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా అమ్మాన్‌లో ఆమెకి ఆపరేషన్ అయింది. ఊపిరితిత్తిలో ఒక ముక్క తీసేశారు. మచ్చ చెడ్డదే. పాకలేదు. మధ్యలో పోయిన ఆ అయిదారు వారాలు ఏమైనా చేటు చేశాయా అంటే, సర్జన్ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇంతవరకూ అయితే రుదైనా ఎలాగో మోసుకుని ఉండేది. కానీ జవ్‌దత్ రిపోర్టు దిద్దడంతో ఆగలేదు. తను అంత స్పష్టంగా ఉన్నదాన్ని తలకిందులుగా ఎలా చదివాడో ఆయనకి అంతుపట్టలేదు. ముందు కళ్ళన్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. వయసుకి బాగానే ఉన్నాయన్నారట. ఆ మాట విని ఇంకొకరైతే సంతోషిస్తారు.

"కళ్ళు కాకపోతే మరింకేమిటి?" అని వేలితో కణత తట్టుకున్నాడు ఆయన.

ఆయన అన్నగారు అరవై ఎనిమిదో ఏట మతి తప్పడం మొదలై, చివరికి కన్నకూతుర్ని పోస్టాఫీసు ఉద్యోగి అనుకుని కసిరినవాడు. ఆ సంగతి విభాగంలో అందరికీ తెలుసు. నెలాఖరుకి మానేస్తానని జవ్‌దత్ విభాగం నడిపే పెద్దడాక్టరుకి చెప్పేశాడు. సిరీన్ కూడా మొదటిసారి ఎకసెక్కం ఆడకుండా, "ఆ వయసులో ఇంతకాలం లాగడమే గొప్ప" అంది. అబూ జమీల్ ఆయన టీలో చక్కెర తనే కలిపి ఇవ్వడం మొదలుపెట్టాడు, వేశానో లేదో అని ఆయన తడుముకోకుండా.

అన్నిటికంటే ఘోరం ఇంకొకటి. ఆయన ఇప్పుడు రుదైనాను పక్కన కూర్చోమనేవాడు.

"నువ్వు చూసి చెప్పమ్మాయ్. కుడిదాని కంటే ఎడమది పెద్దదేనా? లేక నాకు అలా తోస్తోందా?"

"పెద్దదే, డాక్టర్‌గారూ."

"ఒట్టు?"

ఆమె ఒట్టు వేసేది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఒట్టు వేసేది. ఒక్కో రోజు నాలుగైదుసార్లు.

ఇంట్లో మునీఫ్‌తో చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. జాగ్రత్తపరుడు. ఆవిడకి ఆపరేషన్ అయింది, బాగుంది. పెద్దాయన ఎటూ మానేసే వయసే. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే ఎవరికి మేలు? కొరివితో తల గోక్కోవడం కాకపోతే? అన్నాడు. ప్రతి మాటా సబబుగానే ఉంది. రుదైనా అన్నీ విని, లేచి వెళ్ళి, ఉప్పుడబ్బా తీసుకొచ్చి బల్లమీద ఎక్కడో పెట్టి మర్చిపోయింది. మునీఫ్ దాన్ని తీసి దాని చోట్లో పెట్టాడు. అతను భయపడింది అప్పుడే.

నెలాఖరుకి రెండు రోజులున్నాయనగా జవ్‌దత్ సొరుగులు ఖాళీ చేశాడు. పెద్దగా ఏమీ లేవు. కళ్ళజోడు పెట్టె, నమాజు టోపీ, రంగు వెలిసిన క్యాలెండరు. అవి సంచీలో వేసుకుని తెరవైపు చూశాడు.

"నా పేరుమీద ఉన్నది తీసెయ్యమ్మాయ్. ఊరికే చోటు దండగ. ఇంకెవరికి కావాలి కుడినుంచి?"

రుదైనా కూర్చుంది. 'జవ్‌దత్' అన్న పేరుమీద నొక్కింది. యంత్రం అడిగింది, నిజంగా తీసెయ్యమంటావా అని. ఔను, వద్దు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన వెనకనుంచి, "ఏం, దానికి కూడా మతి తప్పిందా?" అన్నాడు, నవ్వించడానికి.

"మీరు తప్పు చదవలేదు, డాక్టర్‌గారూ" అంది రుదైనా, తెరవైపే చూస్తూ. "ఆ రోజు తెరమీద ఉన్నది మీ అమరిక కాదు. అందరిది. నేను మార్చకుండా వెళ్ళిపోయాను."

వెనక కుర్చీ జరిపిన చప్పుడైంది.

"మర్చిపోయావా?"

అక్కడ ఆమెకి ఒక మెత్తటి చోటు దొరికింది. ఔనంటే సరిపోయేది. "లేదు. మిమ్మల్ని నడవాలో చూశాను. అమరిక గుర్తుంది. ఖతాయెఫ్ దుకాణం వరస కూడా గుర్తుంది."

ఆయన ఆమెను లేవమని సైగ చేశాడు. తను కూర్చున్నాడు. ఆ రోజు ఎలా ఉందో సరిగ్గా అలా పెట్టమన్నాడు. ఆమె పచ్చపట్టీ తీసేసింది, అందరి అమరికకి మార్చింది, అక్షరాలు దాచే మీటకి ప్రాణం పోసింది, ఉమ్ ఖల్దూన్ బొమ్మలు తెరిచింది. ఆయన చెయ్యి తనంతట తాను వెళ్ళి మీట నొక్కింది. తేదీలు మాయమయ్యాయి. ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకుని, ఎవరిదో అన్నట్టు కాసేపు చూశాడు. తర్వాత ముందుకి వంగి కొలిచాడు. కుడిది పద్నాలుగు. ఎడమది తొమ్మిది. పద్నాలుగు ముందు, తొమ్మిది తర్వాత. ఆ రోజు రాసిందే.

"సరిగ్గానే కొలిచాను" అన్నాడు మెల్లగా. ఇంకోసారి అన్నాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి. రుదైనా ఆయన ఏడుస్తాడేమోననుకుంది. ఆయన తిరిగినప్పుడు మొహంలో ఉన్నది ఏడుపు కాదు.

"రోజూ పడుకునేముందు మా వీధిలో దుకాణాల పేర్లు వరసగా చెప్పుకుంటున్నాను, తెలుసా? ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి. మా ఆవిడ గోడవైపు తిరిగి, నిద్రపోయినట్టు నటిస్తుంది. ఇన్నాళ్ళూ నువ్వు నాకు టీ తెచ్చిచ్చావు. పక్కన కూర్చుని ఒట్లు వేశావు."

ఆమె తల దించుకుంది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయనమీద ఇంకో పని పెట్టినట్టే అనిపించి మానేసింది.

ఆయనే అన్నాడు. "అక్షరాలు దాచింది నేను. అది నా పాపం. అది నువ్వు నెత్తిన వేసుకోకు. మీట నొక్కకుండా పోయింది నువ్వు. అది నేను మొయ్యను." సంచీలోంచి కళ్ళజోడు పెట్టె తీసి మళ్ళీ సొరుగులో పెట్టాడు. "పెద్దడాక్టరుకి నువ్వే చెప్పు. నేనుగా చెప్పను. సరే, ఉమ్ ఖల్దూన్‌కి చెప్పావా?"

"లేదు."

"మరి నాకు ముందు చెప్పావేం? నేను తేలికనా?"

దానికి జవాబు ఔననే. ఇద్దరికీ తెలుసు.

పెద్దడాక్టరు ఆమెకి జీతంలో కోత పెట్టి, ఫైలులో ఒక మాట రాసి వదిలేశాడు. తేదీలు దాచే మీటను అందరికీ తీసేయించాడు. జవ్‌దత్ ఎండలు తగ్గేదాకా పనిచేసి, తన ఇష్టంతో మానేశాడు. ఆ మిగిలిన నెలల్లో ఆయన రుదైనాతో మర్యాదగానే మాట్లాడాడు. 'అమ్మాయ్' అని మాత్రం అనలేదు. పేరు పెట్టి పిలిచాడు.

జవ్‌దత్‌కి చెప్పాక ఉమ్ ఖల్దూన్ దగ్గరికి వెళ్ళడానికి రుదైనాకి ఇంకో శుక్రవారం దాకా పట్టింది. నమాజు అయ్యాక బజారు మళ్ళీ తెరిచే వేళకి వెళ్ళింది. మర దగ్గర కొడుకు ఖల్దూన్ ఉన్నాడు. తల్లికిప్పుడు పొడి ఘాటు పడటం లేదు. దుకాణం బయట, గాలి వచ్చే వైపు కుర్చీ వేసుకుని, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని బేరాలు చూస్తోంది. ఆసుపత్రి పిల్ల అని గుర్తుపట్టి, కొడుకుని ఇంకో కుర్చీ తెమ్మంది.

రుదైనా కూర్చోకుండానే చెప్పింది. తెరలు, అమరికలు అన్నీ వివరించబోయి, అవేవీ ఆమెకి అక్కర్లేదని మధ్యలో అర్థమై ఆపేసింది. పెద్దాయన తప్పు చదవలేదు పిన్నీ, ఆయన ముందు బొమ్మలు తప్పు పక్కన ఉన్నాయి, సరిచెయ్యాల్సింది నేను, చూసి కూడా వెళ్ళిపోయాను అంది.

"ఎందుకు?"

"ఖతాయెఫ్ అట్ల వరసకి."

ఉమ్ ఖల్దూన్ ముక్కుమీది గుడ్డ దించి ఆమెవైపు తిరిగింది. లోపల మర తిరుగుతోంది.

"నేను మామూల్ తెచ్చాను. తిన్నావా?"

"తిన్నాను పిన్నీ. రెండు."

"ఆ వారాలు నేనెంత బాగా నిద్రపోయానో. మా ఆయన పోయాక అలా నిద్రపోలేదు. పండక్కి అందరి ఇళ్ళకీ తిరిగాను. మనవరాలికి గౌను కుట్టాను." గుడ్డ సర్దుకుంది. "లోపల అది పెరుగుతుంటే నేను నవ్వుతూ తిరిగాను. నిన్ను తిట్టాలంటే ఆ నిద్ర అడ్డమొస్తోంది. మెచ్చుకోవాలంటే ఈ దగ్గు అడ్డమొస్తోంది. ఏం చెయ్యమంటావు?"

 రుదైనా, వచ్చినందుకు ఏదో ఒకటి చేసి పోవాలన్నట్టు, అరకిలో జాతర్ ఇమ్మంది.

ఉమ్ ఖల్దూన్ లేచింది. కొడుకుని పిలవకుండా తనే లోపలికి వెళ్ళి, దగ్గుతూ తూచి, కాగితం సంచీ మడిచి తెచ్చింది. ఆసుపత్రి వాళ్ళ దగ్గర ఆమె ఏనాడూ డబ్బు తీసుకున్నది లేదు. ఎంత బతిమాలినా సంచీలో వెనక్కి పడేసేది. రుదైనా ఆశతో చెయ్యి చాచింది, నోటుతో.

ఉమ్ ఖల్దూన్ ఆ నోటు తీసుకుంది. చిల్లర సరిగ్గా తిరిగిచ్చింది.